ఇరవై ఏళ్ల కుట్టు అనుభవం ఉన్నా పవర్ మిషన్ మీద చేతులు చూడాల్సిందే

ప్రశ్న: గాజువాక దగ్గర మా మహిళా సంఘం షెడ్డులో ఆరు పవర్ మిషన్లు ఉన్నాయి. నాలుగు సింగిల్ నీడిల్ జుకీలు, అంటే ఒకే సూదితో మామూలు కుట్టు వేసే జుకీ కంపెనీ మిషన్లు. వాటిలో రెండింటికి పాత క్లచ్ మోటార్లు, రెండింటికి సర్వో మోటార్లు. ఇవి కాక గుడ్డ అంచుని కత్తిరిస్తూ కుట్టే రెండు ఓవర్‌లాక్ మిషన్లు, ఒకటి మూడు దారాలది, ఇంకోటి అయిదు దారాలది. స్కూలు యూనిఫాం ఆర్డర్లు వచ్చినప్పుడు పద్దెనిమిది మందిమి వంతులవారీగా కుడతాం. పోయిన నెల కొత్తగా చేరిన అమ్మాయి వేలిలో సూది దిగింది. ఎవరికి ఏ మిషన్ వచ్చో చూసుకున్నాకే కూర్చోబెట్టాలని అప్పట్నుంచి నా పట్టు. కానీ ఇరవై ఏళ్లుగా ఇంట్లో కుడుతున్న అక్కలు "నిన్నగాక మొన్న లీడరువయ్యావు, మాకు పరీక్ష పెడతావా" అంటున్నారు. సర్టిఫికెట్ ఉన్న ఇద్దరమ్మాయిలేమో తమకు అక్కర్లేదంటున్నారు. ఏం చూడాలి, ఎలా చూడాలి? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ పట్టు సరైనదే. కాకపోతే కుట్టు ఎంత బాగుందో చూస్తానంటే మాత్రం గొడవ తెగదు. ఆ విషయంలో అక్కలే మీకు పాఠం చెప్పగలరు. మీరు చూడాల్సినవి రెండు. అనుకున్న చోట మిషన్ ఆపగలుగుతున్నారా? వేళ్లు సూది దగ్గరికి వెళ్లేముందు చెయ్యి స్విచ్ మీదికి వెళ్తోందా? ఇంట్లో తొక్కే మిషన్ కాలు ఆగితే ఆగిపోతుంది. పవర్ జుకీ నిమిషానికి 4,000 కుట్లు వేస్తోందంటే సెకనుకు 66 కుట్లన్నమాట. ప్రమాదం కంట పడి కాలు కదిలేసరికి కనీసం సెకనులో అయిదో వంతు గడుస్తుంది, ఆలోపు 13 కుట్లు పడిపోతాయి. పాత అలవాటు ఒక్కోసారి ఇక్కడే అడ్డం వస్తుంది. తొక్కుడు మిషన్ మీద గుడ్డని నొక్కిపట్టే ఫుట్‌కి చూపుడువేలు ఆనించి గుడ్డ నడిపించినా ఏళ్ల తరబడి ఏమీ కాకపోవచ్చు. పవర్ మిషన్ మీద ఆ వేలికి అంత గడువు దొరకదు.

అందుకని ముందు మీరే కూర్చోండి. మిమ్మల్ని మాట అన్న అక్కనే పక్కన నిలబెట్టి మీ చేతులు చూడమనండి. ఆమె తప్పు పడితే ఒప్పుకుని మళ్లీ చేసి చూపించండి. ఆ తర్వాత ఆమె కాదనడం కష్టం. రెండు కట్టుబాట్లు మాత్రం వదలొద్దు. నేర్పినవాళ్లు తాము నేర్పినవాళ్లని చూడకూడదు. అక్కాచెల్లెళ్లు, తోడికోడళ్లు ఒకరినొకరు చూసుకోకూడదు.

సర్టిఫికెట్ సంగతికొస్తే, ఐటీఐలో సూయింగ్ టెక్నాలజీ చదివిన అమ్మాయైనా, సూయింగ్ మిషన్ ఆపరేటర్ కోర్సు చేసిన అమ్మాయైనా అక్కడి మిషన్ల మీద నేర్చుకుంది. మీ షెడ్డులో మూలనున్న క్లచ్ మోటారు జుకీతో ఆమెకి పరిచయం లేదు. అచ్యుతాపురం వైపు బట్టల ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చినవాళ్లు కూడా ఒకే మిషన్ మీద ఒకే ముక్క కుట్టి ఉండొచ్చు. సూది మార్చడం, దారం సరిచేయడం మెకానిక్ చేసిపెట్టే చోట చేసుంటే ఆ పనులు వాళ్ల చేతికి తగిలే ఉండవు. కాబట్టి అనుమతి మనిషికి కాదు, మనిషికీ మిషన్‌కీ కలిపి ఇవ్వాలి. క్లచ్ జుకీకి ఒకటి, సర్వో జుకీకి ఒకటి, ఓవర్‌లాక్‌కి ఒకటి.

నోటితో అడిగి లాభం లేదు. "బాబిన్ మార్చేముందు ఏం చేస్తావు" అంటే అందరూ "స్విచ్ ఆపుతాను" అనే అంటారు. బాబిన్‌లో నాలుగైదు మూరల దారం మాత్రమే ఉంచి, ఏమీ చెప్పకుండా పొడుగు కుట్టు కుట్టమనండి. దారం అయిపోయాక కుడిచెయ్యి ఎటు వెళ్తుందో చూడండి. తిన్నగా బల్ల కిందికి వెళ్తే ఆ రోజుకి అంతే, ఇంకోరోజు రమ్మనండి.

కూర్చోకముందు చూడాల్సినవి తొందరగానే అయిపోతాయి. పైట కుచ్చిళ్లలోకి దోపుకోవాలి, చున్నీ తీసి పక్కన పెట్టాలి లేదా వెనక్కి గట్టిగా ముడెయ్యాలి, జడ పైకి చుట్టుకోవాలి, మంగళసూత్రం జాకెట్ లోపలికి వేసుకోవాలి. గాజులు మోచేతి వైపుకి తోస్తే చాలదు, కుడుతుంటే జారి వచ్చేస్తాయి. బట్ట బెల్టులో చిక్కుకునేది ఎక్కువగా కింద పడిన బాబిన్ కోసమో కత్తెర కోసమో కుడివైపు వంగినప్పుడు. అందుకే నేలమీద ఒక బాబిన్ పడేసి తీయమనండి. మిషన్ ఆపాక వంగుతున్నారా, కుడుతూ కుడుతూనే వంగుతున్నారా అన్నది తెలిసిపోతుంది. కాళ్లకి చెప్పులుండాలి, నేలమీద విరిగిన సూది ముక్కలు ఉండనే ఉంటాయి. మిషన్‌కి బెల్టు కవరు, ఫుట్ ముందుండే వేళ్ల గార్డు, దారం లాగే లివరు మీది గార్డు ఉన్నాయో లేదో కుట్టే మనిషే చూసి చెప్పాలి. సూదికి దారం ఎక్కించడానికి అడ్డమని వేళ్ల గార్డుని పక్కకి వంచేసిన మిషన్ మీ షెడ్డులోనూ ఒకటి ఉండే ఉంటుంది. ముందు దాన్ని సరిచేయించండి.

ఇక మిషన్ ఆపడం. ఎక్కువసేపు చూడాల్సింది దీన్నే.

క్లచ్ మోటారుకి స్విచ్ వేస్తే చాలు, ఎవరూ తొక్కకపోయినా లోపల తిరుగుతూనే ఉంటుంది. పెడల్ తొక్కినప్పుడు ఆ తిరుగుడు క్లచ్ ద్వారా బెల్టుకి అందుతుంది. స్విచ్ ఆపేసినా బరువైన చక్రం కొన్ని సెకన్లు అలా తిరుగుతూనే ఉంటుంది. ఆ సమయంలో బాబిన్ కోసం చెయ్యి కింద పెట్టి, పొరపాటున పెడల్ మీద కాలు వేస్తే కరెంటు లేకుండానే మిషన్ కుట్టేస్తుంది. దీనికో పద్ధతుంది. ఫుట్ కింద పాత గుడ్డముక్క పెట్టి, స్విచ్ ఆపి, రెండు చేతులూ బల్ల అంచుకి తెచ్చుకుని, పెడల్ తొక్కి పట్టుకోవాలి. మిగిలిన తిరుగుడంతా ఆ గుడ్డ మీద అయిపోయి, మోటారు చప్పుడు పూర్తిగా ఆగాక కాలు తీసేయాలి. అప్పుడే సూదైనా బాబినైనా ముట్టుకోవాలి. కొత్తవాళ్ల చేత దీన్ని వరసగా పదిసార్లు చేయించండి, విసుక్కున్నా సరే.

సర్వో మోటారుది వేరే తంటా. కుట్టనప్పుడు చప్పుడే ఉండదు. నిశ్శబ్దంగా ఉంది కదా, ఆగిపోయిందనుకుంటారు. కాలు తగిలితే చాలు, సూది దిగుతుంది. కంట్రోల్ బాక్సు మీద లైటు చూసి స్విచ్ ఆపడం అలవాటు కావాలి. ఆపాక కూడా బాక్సు లోపల కొంతసేపు కరెంటు నిల్వ ఉంటుంది గనుక దాని మూత మీ సభ్యులెవరూ తెరవకూడదు. క్లచ్ నుంచి సర్వోకి మారేవాళ్లకి మడమతో చిన్న ఆశ్చర్యం ఎదురవుతుంది. క్లచ్ మీద పెడల్‌ని మడమతో వెనక్కి నొక్కితే బ్రేకు. దారం తనే కత్తిరించే సర్వో జుకీ మీద అదే నొక్కుడుకి కింద కత్తి కదిలి సూది పైకి లేస్తుంది. వేళ్లు దగ్గరుంటే ఉలిక్కిపడతారు. రెండింటికీ విడివిడిగా చూడమన్నది ఇందుకే.

కరెంటు పోయినప్పుడేం చేస్తారో కూడా చూడండి. కుడుతుండగా మీరే మెయిన్ స్విచ్ (ఎంసీబీ) దించేయండి. వెంటనే మిషన్ స్విచ్ ఆపినవాళ్లకే మార్కు. స్విచ్ అలాగే వదిలి, ఈ సందులో దారం ఎక్కిద్దామని సూది దగ్గర వేళ్లు పెట్టి కూర్చుంటే, కరెంటు చెప్పి రాదు కదా.

సూది మార్చడం చిన్న పనే, కానీ ఇంటి కుట్టు వచ్చినవాళ్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే. ఇంటి మిషన్ సూదికి ఒక పక్క చదునుగా ఉంటుంది, దాన్ని చూసి పెడితే చాలు. జుకీకి వాడే డీబీ×1 సూది కాడ గుండ్రం, ఎటైనా తిరుగుతుంది. పొడుగు గాడి ఎడమవైపు, కన్ను దగ్గరి నొక్కు కుడివైపు ఉండాలి. దారం ఎడమ నుంచి కుడికి ఎక్కాలి. కాడ పైదాకా వెళ్లాకే స్క్రూ బిగించాలి. సగంలో ఆగితే, బాబిన్ చుట్టూ తిరిగే హుక్కు పై దారాన్ని అందుకోలేక కుట్లు తప్పుతాయి, ఒక్కోసారి సూదే హుక్కుకి తగిలి విరుగుతుంది. బిగించాక స్విచ్ వేయకుండా చక్రాన్ని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూడాలి. ఈ చివరి చుట్టు మరిచిపోయేవాళ్లే ఎక్కువ. చక్రం ఎటు తిప్పాలో బెల్టు కవరు మీద బాణం గుర్తు ఉంటుంది. జుకీకైతే మనవైపుకి. పల్చటి జాకెట్ గుడ్డకి 11 నంబరు, యూనిఫాం టెర్రీకాటన్‌కి 14, జీన్స్ లాంటి మందానికి 16 లేదా 18. ఓవర్‌లాక్ సూదులు వేరే రకం, ఒకే డబ్బాలో కలపొద్దు. మన ఊరి ఉప్పుగాలికి సూదులు తొందరగా తుప్పు పడతాయి గనుక మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. గరుకు తగిలిన సూదిని పారేయడమే, రుద్ది వాడొద్దు.

తర్వాత కాగితం. రూళ్ల నోటుబుక్కు కాగితాలు తీసుకుని, దారం తీసేసి, బాబిన్ కూడా తీసేసి, పాత సూదితో కుట్టించండి. కాగితం సూదిని మొద్దు చేస్తుంది కాబట్టి గుడ్డ దగ్గరికి వచ్చేముందు సూది మార్చాలి. మొదటి కాగితం మీద గీతల వెంట తిన్నగా. రెండోదాని మీద ప్రతి గీతకీ మూడు చోట్ల అడ్డగీతలు గీసి, వాటి మీద ఆగమనండి. మూడోది చతురస్రంలో చతురస్రం, మూలల్లో సూది కిందికి దించి, మోకాలితో ఫుట్ ఎత్తి, కాగితం తిప్పాలి. నాలుగోది గుండ్రాలు. కుట్టు నిడివి రెండున్నర మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి సుమారు పది కుట్లు పెట్టండి. అడ్డగీత దాటి రెండు కుట్లకి మించి వెళ్లకుండా పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆగితే చాలు. గీత పక్కకి కాస్త జరిగిందని ఎవర్నీ ఆపక్కర్లేదు, అది రోజులు గడిస్తే వస్తుంది. ఆగలేకపోతే మాత్రం గుడ్డ ఇవ్వొద్దు. ఆఖరి ఒకటి రెండు కుట్లు చక్రంతో వేసేవాళ్లుంటారు, తప్పు లేదు. కాలు పెడల్ మీంచి తీసాకే చెయ్యి చక్రం మీద పడాలి, అంతే.

సర్వోలో గరిష్ఠ వేగాన్ని కంట్రోల్ బాక్సులో తగ్గించుకోవచ్చు. కొత్తవాళ్లకి 1,000 నుంచి 1,500 కుట్ల మధ్య పెట్టి, కాగితాలు దాటాక పెంచండి. క్లచ్ మోటారుకి ఆ సదుపాయం లేదు. మోటారు పుల్లీ సగం సైజుది వేయిస్తే వేగం కూడా సగమవుతుంది, అయితే బెల్టు పొడవు కూడా మార్చాల్సి వస్తుంది.

గుడ్డ మీద కుట్టించేటప్పుడు, బాగున్న మిషన్ ఇస్తే మనిషికి ఏమొచ్చో తెలియదు. మీరే ముందు చిన్న తప్పులు పెట్టి ఇవ్వండి. పై దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ రేకుల మధ్య కూర్చోనివ్వకుండా పైపైన వదిలేయండి. గుడ్డ కింద దారం గుత్తులుగా పడుతుంది. కింద కనబడుతోంది కదా అని బాబిన్ కేసు స్క్రూ తిప్పేవాళ్లు చాలామంది. కింద గుత్తులు పడ్డాయంటే చాలావరకు లోపం పైనే ఉంటుంది, పై దారం వదులైపోయి కిందికి లాగబడుతుంది. ఫుట్ ఎత్తితేనే టెన్షన్ రేకులు విచ్చుకుంటాయి కాబట్టి ఫుట్ ఎత్తి మళ్లీ దారం ఎక్కించినవాళ్లకి విషయం తెలుసన్నట్టు. బాబిన్ బిగువు చూడటానికి దారం పట్టుకుని కేసుని వేలాడదీసి చిన్నగా కుదపాలి. కొంచెం జారి ఆగితే సరిపోయింది, ధడాలున కిందికి పడితే వదులు, కదలకపోతే బిగువు. మరో మిషన్‌కి సూది తిప్పి పెట్టండి, కుట్లు తప్పుతాయి. కనిపెట్టాల్సింది స్విచ్ ఆపి, కంటితో చూసి. ఫుట్ స్క్రూ వదులు చేయడం లాంటి సూది విరిగే తప్పులు మాత్రం పెట్టొద్దు. చూపించడం అయ్యాక అన్నీ సరిచేయడం మరవకండి.

కుట్టు మొదట్లో రెండు దారాల చివర్లనీ వెనక్కి పట్టుకుంటున్నారా, గుడ్డని వెనకనుంచి లాగుతున్నారా, ఇవి కూడా ఇక్కడే చూడాలి. ఫుట్ కిందుండే పళ్లు గుడ్డని నడిపేకంటే ముందే మనం లాగితే సూది వంగి ప్లేటుకి తగిలి విరుగుతుంది. ఎగిరిన ముక్క మొహం మీదికే వస్తుంది. నిక్కరు నడుంపట్టీ, లంగా కుచ్చుల లాంటి మందం దగ్గర వేగం తగ్గించి, అవసరమైతే చక్రంతో దాటించాలి.

ఓవర్‌లాక్‌కి కాగితం పనికిరాదు, తిన్నగా గుడ్డే. ఇక్కడ భయం సూదికంటే కత్తితో. పీలికలు కత్తి దగ్గర పేరుకుంటే మిషన్ తిరుగుతుండగానే వేళ్లతో లాగేస్తుంటారు. ఒక్కసారి అలా చేసినా అనుమతి ఇవ్వొద్దన్నది మా గట్టి మాట. గుండుసూదులు గుచ్చిన గుడ్డ ఓవర్‌లాక్ దగ్గరికి రానే కూడదు. కత్తికి పిన్ను తగిలితే కత్తీ పోతుంది, ముక్క కంటి మీదికీ ఎగరొచ్చు. కళ్ల గార్డు దించి ఉండాలి. ముందు మూత తెరిస్తే కొత్త మిషన్లు కొన్ని ఆగిపోతాయి. మీవి పాతవైతే ఆగవు, ఆ తేడా ప్రతి ఒక్కరికీ తెలియాలి. దారాలు తెగినప్పుడు సూది దారం ఆఖరున ఎక్కాలి. కింది లూపర్ (సూది కింద దారం అల్లే కొక్కెం) దారం తెగితే, సూది దారాలు తీసేసి, లూపర్‌కి ఎక్కించి, మళ్లీ సూదులకి ఎక్కించాలి. వరస తప్పితే గొలుసు పడకుండా మళ్లీ మళ్లీ తెగుతుంది, ఆ చిరాకులోనే స్విచ్ ఆపడం మరిచిపోతారు.

విరిగిన సూదులకి ఒక పుస్తకం పెట్టండి. ముక్కలన్నీ ఏరి, సూదిలా పేర్చి, టేపుతో పేజీకి అతికించి, తేదీ, మిషన్ నంబరు రాస్తేనే కొత్త సూది ఇవ్వాలి. ఒక ముక్క దొరక్కపోతే ఆ యూనిఫాం పక్కన పెట్టి, అయస్కాంతంతో బల్ల, నేల, గుడ్డ మొత్తం వెతకాలి. వేసుకునేది పిల్లలు. ఒకే మిషన్ నంబరు పుస్తకంలో పదే పదే కనిపిస్తే, తప్పు మనిషిది కాదేమో, మెకానిక్‌ని పిలవండి.

సూది దిగినప్పుడు ఏం చేయాలో కూడా చేసి చూపించాలి. స్విచ్ ఆపాలి, క్లచ్ జుకీ అయితే మోటారు చప్పుడు పూర్తిగా ఆగేదాకా పెడల్ జోలికి పోకూడదు. వేలు లాగకూడదు. దారం కత్తిరించి, ఏ వైపు తిప్పితే సూది పైకి లేస్తుందో ఆ వైపు చక్రాన్ని పక్కవాళ్లు మెల్లగా తిప్పాలి. కదలకపోతే సూది స్క్రూ వదులు చేసి, ఫుట్ ఎత్తి, సూదితో సహా వేలు బయటికి తీయాలి. సూది వేలిలోనే విరిగితే తవ్వొద్దు. ఉంగరం తీసేసి, శుభ్రమైన గుడ్డ చుట్టి, చెయ్యి పైకెత్తి పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి. రాత్రి షిఫ్టయితే కేజీహెచ్‌కి (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికి), లేదా 108కి ఫోను. బయట దొరికిన సూది ముక్కలు పొట్లం కట్టి తీసుకెళ్తే లోపల ఎంత మిగిలిందో డాక్టరుకి అంచనా దొరుకుతుంది. ఎక్స్‌రే తీయించుకోండి, టెటనస్ ఇంజెక్షన్ గురించి అడగండి. మీ అమ్మాయి విషయంలో ఈ రెండూ జరిగాయో లేదో ఒకసారి కనుక్కోండి. వేలు ఇప్పటికీ నొప్పిగా, వాపుగా ఉంటే మళ్లీ చూపించాలి.

రికార్డుకి ఒక లాంగ్ నోటుబుక్కు సరిపోతుంది. పేరు, మిషన్ నంబరు, తేదీ, చూసినవాళ్ల సంతకం, ఏది రాలేదో ఒక మాట. చదువు రాని పిన్నిగారున్నా ఇబ్బంది లేదు, ఇందులో చేసి చూపించడమే తప్ప రాసేది లేదు. ఆరు నెలలు మిషన్ ముట్టనివాళ్లని, మిషన్ మోటారు మారినప్పుడు అందరినీ, ప్రమాదం జరిగితే ఆ మిషన్ వాడేవాళ్లందరినీ మళ్లీ చూడండి. పుస్తకంలో పేరు లేనివాళ్లు కూర్చోకుండా జుకీలకి ఒక సుళువుంది. బాబిన్ కేసులు మిషన్లో వదలకండి. అనుమతి ఉన్నవాళ్లకి ఎవరి కేసు వాళ్లకిచ్చి రంగు దారం కట్టండి. కేసు లేకపోతే కుట్టు పడదు, పైగా ఒకరు సరిచేసుకున్న బిగువుని ఇంకొకరు చెడగొట్టరు. ఓవర్‌లాక్‌లకి ఈ ఉపాయం పనిచేయదు, వాటి స్విచ్ బోర్డుకి తాళం వేయాల్సిందే.

వానాకాలంలో ఆర్డర్లు లేక షెడ్డు మూసి ఉంచితే, తెరిచిన రోజే పనిలోకి దిగొద్దు. హుక్కు చుట్టూ తుప్పు ఉందేమో చూసి, ఆయిల్ ట్రేలో మట్టం పై గుర్తుకీ కింది గుర్తుకీ మధ్య ఉండేలా నింపి, దారం తీసి, ఫుట్ ఎత్తి, నిమిషానికి 3,000 కుట్ల వేగంలో పది నిమిషాలు ఖాళీగా తిప్పండి. పైన గాజు కిటికీలో ఆయిల్ చిమ్ముతూ కనబడాలి. కనబడకపోతే ఆపేయండి. క్లచ్ జుకీల వేగం కాలితోనే అదుపు చేయాలి కాబట్టి ఈ పని బాగా ఆపడం వచ్చినవాళ్లకే అప్పజెప్పండి.

సంఘం డబ్బుతో ఒక్కటే కొనగలిగితే ఆ రెండు క్లచ్ జుకీల్లో కొత్తవాళ్లు కూర్చునేదానికి సర్వో మోటారు వేయించండి. బల్ల పైనున్న మిషన్ మార్చక్కర్లేదు, బల్ల కింద మోటారు మారిస్తే చాలు. కుట్టనప్పుడు తిరగదు కాబట్టి కరెంటు బిల్లు కూడా కొంత తగ్గుతుంది. పెట్టించే రోజు ఎర్తింగ్ చూపించి, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనే ఆపేసే స్విచ్) లేకపోతే అదీ అప్పుడే వేయించేయండి.